బ్యాక్‌వాటర్ నడిమధ్యలో మోటారు ఆగిపోతోంది, ఏం చూసుకోవాలి?

నేరేడుగొమ్ము_వల:
అందరికీ నమస్తే. మాది నేరేడుగొమ్ము మండలం, సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున. ఇన్నేళ్లూ నాయన, నేను తెడ్లతోనే వేట చేశాం. నాయనకు భుజం నొప్పి ఎక్కువయ్యి ఈ మధ్యే ఒక సెకండ్ హ్యాండ్ మోటారు కొన్నాం. 8 హెచ్‌పీ, టూ స్ట్రోక్, తాడు లాగి స్టార్ట్ చేసేది. అమ్మినాయన తన వాకిట్లోనే ఒక బల్లకు బిగించి రెండు మూడు నిమిషాలు నడిపి చూపించాడు, సౌండు బాగుంది, పొగ కూడా పెద్దగా లేదు, తీసుకున్నాం.

రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు సాయంత్రం వలలు వేసి తిరిగి వస్తుంటే, బయలుదేరి అరగంట కూడా కాలేదు, సౌండు బరువుగా మారింది, గుంజుడు తగ్గింది, ఆగిపోయింది. తాడు లాగితే రాలేదు, గట్టిగా పట్టేసినట్టు ఉంది. అప్పటికే గాలి లేచింది, పడవ రాళ్ల గుట్ట వైపు కొట్టుకుపోతోంది, నాయన నొప్పి భుజంతోనే తెడ్డు పట్టాడు. ఇరవై నిమిషాల తర్వాత లాగితే స్టార్ట్ అయింది కానీ కొంచెం దూరం పోయి మళ్లీ ఆగింది. ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిదైంది, అమ్మ ఒడ్డు మీదే నిలబడి ఉంది. ఆ రోజు టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

పెట్రోల్లో బండ్లకు పోసే 2టీ ఆయిల్ కలుపుతున్నాం, కొలత అంటూ ఏం లేదు, ఒక అందాజ మీద. ఇంకొకటి, ఎర్ర తాడుకు క్లిప్పు ఉంటుంది కదా, మనిషి పడిపోతే ఇంజన్ ఆగేది, అది నాయన కట్టుకోవడం లేదు. వలకు తట్టుకుంటుందని హ్యాండిల్‌కే చుట్టి పెట్టాడు. చెప్తే వినడు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి అన్నా, మోటారు పోయినట్టేనా?

హాలియా_మెకానిక్:
తమ్మీ, మోటారు పోలేదు, కానీ ఇంకో రెండు సార్లు ఇట్లనే నడిపితే పోతుంది. నువ్వు చెప్పిన గుర్తులన్నీ వేడెక్కినవే. సౌండు బరువెక్కడం, తాడు పట్టేయడం, చల్లారినాక మళ్లీ స్టార్ట్ కావడం, అంటే లోపల పిస్టన్ వేడికి ఉబ్బి పట్టుకుంటోంది. నీళ్లు పైకి ఎక్కడం లేదు.

వాకిట్లో రెండు మూడు నిమిషాలు నడిపి చూపించాడు అన్నావు చూడు, నాకు బాధేసింది అక్కడే. ఈ మోటార్లకు బండికి ఉన్నట్టు గాలికి చల్లారే రెక్కలు ఉండవు. నీళ్లలో మునిగే కింది భాగం ఉంటుంది కదా, లెగ్గు అంటాం, అందులో ఒక చిన్న పంపు ఉంటుంది, అందులో రబ్బరు చక్రం, ఇంపెల్లర్ అంటారు, అది చెరువు నీళ్లనే గుంజి ఇంజన్ చుట్టూ తిప్పి బయటికి పంపుతుంది. ఆ రబ్బరుకు తడే ప్రాణం. నీళ్లు లేకుండా తిప్పితే నిమిషం కూడా అక్కర్లేదు, స్టీలు గోడకు రాసుకుని కాలిపోయి రెక్కలు తెగుతాయి. మొదటి రెండు రోజులు నడిచింది అంటే సగం తెగి సగం మిగిలి ఉంటుంది, మూడో రోజు అదీ పోయింది. పొలం మీదనో వాకిట్లోనో మోటారు నడిపి చూపిస్తా అని ఎవరన్నా అంటే, వద్దు, డ్రమ్ములో పెట్టి చూపించు అనాలి. పెద్ద నీళ్ల డ్రమ్ము నింపి, పడవను నెట్టే ఫ్యాను పైన ఒక అడ్డ రేకు ఉంటుంది కదా, అది కూడా మునిగేటట్టు దింపి, న్యూట్రల్‌లో నడపాలి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెప్తా. స్టార్ట్ కాగానే మోటారు వెనక పక్కన, టోపీ కింద ఒక చిన్న రంధ్రం నుంచి సన్నటి నీళ్ల ధార రావాలి. స్టార్ట్ చేసిన పది పదిహేను సెకన్లలో రావాలి. రాకపోతే వెంటనే ఆపాలి, పోనీలే ఒడ్డుదాకా పోదాం అనుకోవద్దు. ఒక్కోసారి ఆ రంధ్రంలోనే మట్టి, పురుగు గూడు అడ్డం పడుతుంది, సన్నటి తీగ పెట్టి పొడిచి చూడు. లెగ్గు పక్కన జల్లెడలాంటి కన్నాలు ఉంటాయి, నీళ్లు లోపలికి పోయేది అక్కడి నుంచే, అక్కడ నాచు, ప్లాస్టిక్ కవరు అతుక్కుందా చూడు. ఇవి రెండూ బాగుండి ధార రాకపోతే లెగ్గు విప్పి ఇంపెల్లర్ మార్చాల్సిందే.

కొత్తది వేసేటప్పుడు దానికి సబ్బు నీళ్లు రాయి, షాఫ్టు తిరిగే వైపు తిప్పుకుంటూ లోపలికి నెట్టు, రెక్కలన్నీ ఒక్క దిక్కుకే వంగి కూర్చోవాలి. పాత దాని రెక్కలు ఎన్ని తెగాయో లెక్కపెట్టి, ఆ ముక్కలన్నీ దొరికాయా లేదా చూసుకో. ముక్క ఒక్కటి పైకి పోయి థర్మోస్టాట్ దగ్గర, అంటే ఇంజన్ వేడిని బట్టి నీళ్లను వదిలే వాల్వు దగ్గర, ఇరుక్కున్నా కొత్త పంపు పెట్టి లాభం ఉండదు, మళ్లీ వేడెక్కుతుంది. చాలామంది ఈ పని చేయరు, చేయకుండా మళ్లీ నా దగ్గరికే తెస్తారు.

ఆయిల్ సంగతి. అందాజ పనికిరాదు. ఈ సైజు టూ స్ట్రోక్‌లో ఎక్కువ వాటికి 50కి 1, అంటే 5 లీటర్ల పెట్రోలుకు 100 మిల్లీలీటర్లు. నీ మోడల్ పుస్తకంలో వేరే రాసి ఉంటే అదే పట్టుకో. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్నదే కొను, నీళ్లతో చల్లారే ఇంజన్ల కోసం చేసింది అదే. బండి 2టీ గాలికి చల్లారే ఇంజన్‌కు చేసింది, వీటిలో పోస్తే లోపల మసి కట్టి ప్లగ్గు తినేస్తుంది. ఎక్కువ పోస్తే మంచిదే కదా అనుకోవద్దు, తక్కువైతే పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు తడిసి స్టార్ట్ కాదు. ఒడ్డు మీదే డబ్బాలో కొంచెం పెట్రోలు, మొత్తం ఆయిల్ పోసి ఊపి, తర్వాత మిగతా పెట్రోలు పోసి మళ్లీ ఊపాలి.

సోమశిల_రేవు:
మెకానిక్ అన్న మోటారు గురించి చెప్పాడు, నేను క్లిప్పు గురించి చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో జరిగింది.

మా బామ్మర్ది శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో, ఎండాకాలం, నీళ్లు బాగా దిగిన రోజుల్లో, హ్యాండిల్ ఒక చేత్తో పట్టుకుని నిలబడి పోతున్నాడు. మీకు తెలుసు కదా, ఈ నీళ్ల కింద అంతా మునిగిన అడవే, పాత చెట్ల మొదళ్లు, బండలు. సాగర్‌లో కూడా అంతే, నిండుగా ఉంటే 590 అడుగులు, ఎండల్లో అది ఎంత దిగుతుందో మీ కళ్లతో చూస్తూనే ఉంటారు, పోయిన నెల నిమ్మళంగా పోయిన దారిలోనే ఈ నెల బండ జానెడు లోతులో ఉంటుంది. మోటారు ఒక మొద్దుకు తగిలి ఎగిరింది, మా వాడు వెనక్కి పడ్డాడు. క్లిప్పు కట్టుకోలేదు. చెయ్యి వదలగానే హ్యాండిల్ ఒక పక్కకు తిరిగిపోయింది, ఫుల్ రేసులో ఉన్న పడవ గుండ్రంగా తిరిగి, పడ్డ మనిషి మీదికే వచ్చింది. ఒక్కసారి కాదు, మూడు సార్లు. ఈత వచ్చిన మనిషి కాబట్టి మునిగి తప్పించుకున్నాడు, మూడోసారి పిక్క దగ్గర ఫ్యాను తాకింది. పక్క పడవ వాళ్లు తాడు విసిరి లాగారు. పన్నెండు కుట్లు పడ్డాయి, ఇప్పటికీ కుంటుతాడు.

మీ నాయనకు ఈ మాట చెప్పండి. చేతికి కట్టుకుంటే వలకు తట్టుకుంటుంది, నిజమే, అందుకే మేమంతా మోకాలు పైన తొడకు కట్టుకుంటాం. అసలు వల లాగేటప్పుడు మోటారు ఆపే ఉండాలి, న్యూట్రల్‌లో కూడా వద్దు. ఇంకొకటి చాలామందికి తట్టదు. క్లిప్పు కట్టుకున్న మనిషి నీళ్లలో పడితే క్లిప్పు కూడా ఆయనతోనే పోతుంది, పడవలో మిగిలినవాళ్లు మోటారు స్టార్ట్ చేసి ఆయన దగ్గరికి పోలేరు. కాబట్టి రెండో క్లిప్పు ఒకటి కొని పడవలోనే, ముందు పక్కన కట్టి పెట్టుకోండి. లైఫ్ జాకెట్ కింద వేసుకుని కూర్చోవడం కాదు, ఒంటి మీద వేసుకోండి.

నడిమధ్యలో ఆగితే ముందు తాడు లాగొద్దు, ముందు లంగరు రాయి వేయండి. మీ పడవ గుట్ట వైపు కొట్టుకుపోయింది అన్నారు కదా, రాయి వేసి ఉంటే నాయన తెడ్డు పట్టాల్సిన పని ఉండేది కాదు. తర్వాత క్లిప్పు ఊడిందా, ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచి ఉందా, పెట్రోలు పైపుకు ఉండే రబ్బరు బల్బు పిసికితే గట్టిగా అవుతోందా, ఈ మూడు చూడండి. మాకు సగం సార్లు ఆ గాలి స్క్రూ మూసి ఉండడమే కారణం.

పెబ్బేరు_పుట్టి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, మేం జూరాల కింద పుట్టిలో వేట చేస్తాం. 2 హెచ్‌పీ చిన్న మోటారు పుట్టికి బిగించుకోవచ్చా?

హాలియా_మెకానిక్:
వద్దన్నా. పుట్టికి వెనకా ముందూ లేదు, మోటారు పట్టుకోవడానికి గట్టి బల్ల లేదు. అంచుకు బిగిస్తే ఆ బరువుకు ఒక పక్క వంగుతుంది, రేసు ఇస్తే ముందుకు పోకుండా అక్కడే గిరగిరా తిరుగుతుంది, నీళ్లు ఎక్కుతాయి. ఫైబర్ పడవ అయితేనే మోటారు మాట.

నేరేడుగొమ్ము_వల:
అన్నలూ, మీరు చెప్పినట్టే చేశాను. నిన్న ఆదివారం డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేస్తే ధార చుక్క కూడా రాలేదు, వెంటనే ఆపేశాను. తీగ పెట్టి పొడిచాను, జల్లెడ కడిగాను, అయినా రాలేదు. లెగ్గు విప్పాను. ఇంపెల్లర్‌కు ఆరు రెక్కలు ఉండాలి, రెండే ఉన్నాయి. మిగతా వాటి అంచులు నల్లగా కాలి, గోరుతో గీస్తే పొడి రాలుతోంది. మూడు ముక్కలు పంపులోనే దొరికాయి, నాలుగోది దొరకలేదు. మెకానిక్ అన్న మాట గుర్తొచ్చి పైన థర్మోస్టాట్ మూత కూడా విప్పితే, అక్కడ అడ్డంగా అతుక్కుని ఉంది. చూపిస్తే నాయన చాలాసేపు ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చూశాడు.

కొత్తది వేశాను. ఇప్పుడు ధార చిటికెన వేలంత లావు వస్తోంది, చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. ఆయిల్ కూడా మార్చాం, మందు సీసా మీద ఉండే కొలత మూతతోనే కొలుస్తున్నాం.

సోమశిల అన్నా, మీరు రాసింది నాయనకు చదివి వినిపించాను. ఏం అనలేదు. పొద్దున చూస్తే ఎర్ర తాడు తొడకు కట్టుకుని తయారుగా ఉన్నాడు. రెండో క్లిప్పు దేవరకొండలో దొరకలేదు, హైదరాబాద్ నుంచి తెప్పిస్తున్నా.

ఒక డౌటు. ఫ్యాను విప్పినప్పుడు దాని వెనక షాఫ్టుకు గాలం దారం, నైలాన్ వల పోగులు గట్టిగా చుట్టుకుని ఉన్నాయి, బ్లేడుతో కోసి తీశాను. కింద గేర్ ఆయిల్ కొంచెం వదిలి చూస్తే పాలు కలిపిన చాయ్ రంగులో ఉంది. ఇది మామూలేనా?

హాలియా_మెకానిక్:
మామూలు కాదు తమ్మీ, మంచిదైంది చూశావు. షాఫ్టు చుట్టూ నీళ్లు లోపలికి పోకుండా ఒక రబ్బరు సీలు ఉంటుంది, ఆ దారమే దాన్ని కోసేసింది. సీలు తెగితే గేర్లలోకి నీళ్లు పోతాయి, ఆయిల్ పాలలాగ అవుతుంది, అట్లనే నడిపితే గేర్లు తుప్పు పట్టి కొరుక్కుపోతాయి, అది ఇంపెల్లర్ లాగ వందల్లో అయ్యే ఖర్చు కాదు. వల వేటలో ఉండేవాళ్లు వారానికి ఒకసారి ఫ్యాను విప్పి ఆ దారం చూసుకోవాలి.

ఆయిల్ మొత్తం తీసేయి. కింది స్క్రూ, పై స్క్రూ రెండూ తీస్తేనే పూర్తిగా దిగుతుంది. కొత్తది పోసేది కింది రంధ్రం నుంచే, ట్యూబుతో నెమ్మదిగా ఎక్కించాలి, పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా ఆయిల్ వచ్చేదాకా. ముందు పై స్క్రూ బిగించు, ఆ తర్వాతే ట్యూబు తీసి కింది స్క్రూ పెట్టు. పై నుంచి పోస్తే మధ్యలో గాలి ఉండిపోయి సగమే నిండుతుంది. స్క్రూల కింద వాషర్లు కూడా కొత్తవి వెయ్యి.

కానీ ఇది సీలు మార్చేదాకా గేర్లు తుప్పు పట్టకుండా మాత్రమే. సీలు పడేదాకా మోటారు నీళ్లలో పెట్టొద్దు, ఈ నాలుగు రోజులు తెడ్లే. నాయనను కూర్చోబెట్టి నువ్వు వెయ్యి.

నేరేడుగొమ్ము_వల:
సరే అన్నా. బుధవారం లెగ్గు ఒక్కటే విప్పి బస్సులో తీసుకొస్తాను.