అప్‌డేట్: గ్యాస్ట్రిన్ 640 ఎందుకొచ్చిందో తేలింది

పోయినసారి అడిగింది ఇదీ: అమ్మకి పాంటోప్రజోల్ 40 (యాసిడ్ తగ్గించే మాత్ర) వాడుతుండగా రక్తపరీక్షలో గ్యాస్ట్రిన్ (కడుపుని యాసిడ్ వదలమని చెప్పే హార్మోన్) 640 వచ్చింది (మామూలుగా 100 లోపు ఉండాలి), కడుపులో కణితి ఉన్నట్టేనా అని. కాదు.

మాత్ర ఆపి మళ్లీ చేయించమన్న సలహానే పనికొచ్చింది. ఈ మాత్ర యాసిడ్‌ని ఆపేస్తుంది. యాసిడ్ లేదని పసిగట్టి కడుపు చివర ఉండే జి కణాలు గ్యాస్ట్రిన్‌ని ఇంకా ఎక్కువ వదులుతాయి. అందుకే మాత్ర మీద ఉన్నప్పటి అంకెతో ఏదీ తేల్చలేం. డాక్టరు రెండు వారాలు ఆపించారు. మధ్యలో మంటకి ఫామోటిడిన్ (యాసిడ్ తగ్గించే ఇంకో రకం మాత్ర), అదీ పరీక్షకి రెండ్రోజుల ముందు బంద్. సొంతంగా మాత్రం ఆపకండి, నిజంగా గ్యాస్ట్రినోమా (గ్యాస్ట్రిన్‌ని వదిలే కణితి) ఉంటే అల్సర్ నుంచి రక్తం పోవచ్చు. రాత్రి ఎనిమిదికి తిని, పొద్దున ఎనిమిదికి పరగడుపున రక్తం ఇవ్వాలి. రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని (సీరం) త్వరగా వేరుచేసి ఫ్రీజ్ చేయకపోతే గ్యాస్ట్రిన్ విరిగిపోయి అంకె తక్కువ చూపిస్తుంది. ల్యాబ్ వాళ్లని ముందే అడగండి.

ఈసారి 590. తగ్గలేదు! అసలు సంగతి తేల్చింది ఎండోస్కోపీలో తీసిన కడుపు రసం: పీహెచ్ 7, అంటే యాసిడ్ లేనట్టే. గ్యాస్ట్రినోమా అయితే 2 లోపే ఉంటుంది. బి12 140 (తక్కువ), పెరైటల్ కణాల (కడుపులో యాసిడ్ తయారుచేసేవి) మీద దాడి చేసే యాంటీబాడీలు పాజిటివ్, బయాప్సీలో కడుపు లోపలి పొర పలచబడింది. ఆటోఇమ్యూన్ అట్రోఫిక్ గ్యాస్ట్రైటిస్, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే కడుపు పొరని దెబ్బతీయడం. యాసిడ్ లేకే గ్యాస్ట్రిన్ పెరిగింది. యాసిడ్ లేని కడుపుకి ఇన్నాళ్లూ యాసిడ్ తగ్గించే మాత్ర వేశామన్నమాట.

పాంటోప్రజోల్ మానేశాం, బి12 ఇంజెక్షన్లు మొదలయ్యాయి. ఐరన్, థైరాయిడ్ కూడా చూశారు. గ్యాస్ట్రిన్ ఏళ్ల తరబడి ఎక్కువుంటే కడుపులో చిన్న కార్సినాయిడ్ బుడిపెలు (నెమ్మదిగా పెరిగే ఒక రకం కణితులు) రావచ్చు, అందుకని మూడేళ్లకోసారి ఎండోస్కోపీ.