−1¾ను పిల్లలు −1కి కుడివైపున ఎందుకు గుర్తిస్తున్నారు?

ప్రశ్న (గణిత ఉపాధ్యాయురాలు):
ఎనిమిదో తరగతికి అకరణీయ సంఖ్యల పాఠం చెబుతున్నాను. 3/4, −3/4 వంటి వాటిని సంఖ్యారేఖ మీద గుర్తించడంలో పిల్లలకు ఇబ్బంది లేదు. నిన్న −1¾ను గుర్తించమన్నప్పుడు మాత్రం తరగతిలో సగానికి పైగా −1 దగ్గర ఆగి, అక్కడి నుంచి కుడివైపుకు మూడు గళ్లు లెక్కపెట్టి, −1/4 ఉండవలసిన చోట చుక్క పెట్టారు. ఒక అమ్మాయిని కారణం అడిగితే, "మైనస్ ఒకటికే ఉంది కదా టీచర్, ముప్పావుకు లేదు కదా" అన్నది. ఆ మాటలో ఆలోచన ఉంది కనుక, తప్పని కొట్టివేయడానికి మనసొప్పలేదు. −7/4గా మార్చి ఇస్తే సరిగ్గానే గుర్తిస్తున్నారు. మిశ్రమ భిన్నం రాగానే మళ్లీ అదే పొరపాటు చేస్తున్నారు. దీన్ని ఎలా విడమరచి చెప్పాలి?

జవాబు 1:
1¾లో ఒకటికీ ముప్పావుకూ నడుమ కూడిక దాగి ఉందని ఆ అమ్మాయికి తెలుసు. మైనస్ ఆ మొత్తానికి వర్తిస్తుందన్న సంగతి మాత్రం రాతలో ఎక్కడా కనబడదు. కాబట్టి కొన్నాళ్లపాటు −1¾ అని రాసిన ప్రతిసారీ దాని కిందనే −(1 + 3/4) అని కుండలీకరణాలతో రాయించి, ఆ తరువాత −1 − 3/4గా విడదీయించండి. తాను చుక్క పెట్టిన చోటు −1 + 3/4 అని ఆమె చేతనే చెప్పించండి.

జవాబు 2 (పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు):
అమ్మా, గుర్తుల కంటే ముందు ఒక బావి బొమ్మ వేయండి. నేను నల్లబల్ల మీద సంఖ్యారేఖను నిలువుగా గీసి, నేలమట్టాన్ని 0గా పెట్టి, కిందికి సిమెంటు ఒరలు ఒకదాని కింద ఒకటి వేసి, ఒక్కొక్క ఒరను నాలుగు సమభాగాలు చేసేవాణ్ణి. నీళ్లు −1¾ దగ్గర ఉన్నాయంటే, మొదటి ఒర పూర్తిగా దాటి రెండో ఒరలో ముప్పావు వంతు దిగాలని పిల్లలే చెప్పేవారు. ఒర దాటిన బొక్కెన మళ్లీ పైకి రావాలని ఏ ఒక్కరూ అనలేదు. తరువాత ఆ బొమ్మనే పక్కకు తిప్పి గీస్తే కింద ఉన్నది ఎడమ అవుతుంది. −1/2, −3/4లలో ఏది చిన్నదన్న ప్రశ్నకూ అదే బొమ్మ పనికి వస్తుంది, ఎందుకంటే లోతుగా ఉన్నదే చిన్నది. గడియారం చూసి "పావు తక్కువ రెండు" అనే అలవాటు ఉన్న పిల్లలైతే, 1¾ అంటే రెండుకు పావు తక్కువ కనుక, −1¾ కూడా −2కు పావు దూరంలోనే ఉంటుందని సరిచూసుకోగలరు.

జవాబు 3:
బావి చక్కగా ఉంది. అయితే (−2/3) × (−3/5) వంటి గుణకారాలకు దాన్ని లాగవద్దని నా మనవి; లోతును లోతుతో గుణించడమంటే ఏమిటో పిల్లలకు బోధపడదు. మీరు అడిగిన పొరపాటును సరిదిద్దడానికి మాత్రం "ఋణం" (అప్పు) అనే మాటే ఆధారమవుతుంది. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో ధనం, ఋణం అన్న పేర్లతోనే ఈ సంఖ్యల నియమాలు చెప్పాడు. ఒక రూపాయి డెబ్బై ఐదు పైసలు అప్పు ఉన్నవాడికి రూపాయి అప్పు, డెబ్బై ఐదు పైసలు ఆస్తి అవుతాయా అని అడిగి చూడండి. మా తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడు, వెనుక వరుసలోని పిల్లవాడు లేచి వచ్చి తన చుక్కను తానే చెరిపి, −2 పక్కన పెట్టాడు.

ప్రశ్న అడిగినవారు:
మాస్టారికీ, మిగిలిన ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ రోజు బావి బొమ్మ వేయించాను. ఆ అమ్మాయి −1¾ను సరిగ్గా పెట్టి, −2⅓ కోసం మూడో ఒరను మూడు భాగాలు చేయాలని నేను చెప్పకుండానే గీతలు గీసింది. కుండలీకరణాలతో రాయించడం రేపు మొదలుపెడతాను.