అప్‌డేట్: మోల్ లెక్కలు ఎట్టకేలకు దారికొచ్చాయి

కెమిస్ట్రీ బేసిక్స్ మళ్లీ మొదటి నుంచి చదవాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు అని అడిగింది నేనే. సూత్రాలు బట్టీ పట్టడం ఆపి ముందు మోల్ (డజను లాగా, అణువులను లెక్కపెట్టే కొలత) సంగతి తేల్చుకోమన్నారు కదా, అదే చేశాను.

నా తప్పు ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. నీళ్లు ఏర్పడే సమీకరణంలో (2H₂ + O₂ → 2H₂O) హైడ్రోజన్ ముందున్న 2ని గ్రాములనుకునేదాన్ని! అవి మోల్‌లు. 2 మోల్‌ల హైడ్రోజన్ అంటే 4 గ్రాములు, 1 మోల్ ఆక్సిజన్ 32 గ్రాములు, కలిస్తే 36 గ్రాముల నీళ్లు. రెండు వైపులా బరువు సరిపోయేసరికి ప్రాణం లేచొచ్చింది.

నిన్న ఒక లెక్క వేశాను: 10 గ్రాముల హైడ్రోజన్, 64 గ్రాముల ఆక్సిజన్. తక్కువ బరువున్నది కాబట్టి హైడ్రోజనే ముందు అయిపోతుందనుకున్నా. మోల్‌లలోకి మారిస్తే హైడ్రోజన్ 5, ఆక్సిజన్ 2. ఆ 2 మోల్‌ల ఆక్సిజన్‌కి 4 మోల్‌ల హైడ్రోజన్ చాలు. అయిపోయేది ఆక్సిజన్! 72 గ్రాముల నీళ్లు వచ్చి, 2 గ్రాముల హైడ్రోజన్ మిగిలిపోయింది.

సమీకరణాలు తుల్యం చేయడం (రెండు వైపులా పరమాణువుల సంఖ్య సమానం చేయడం) పెద్ద కష్టం కాలేదు. ఆక్సిజన్‌ని చివరికి వదిలేయమన్న చిట్కా చాలాచోట్ల పనిచేసింది. వేలెన్సీల (ఒక మూలకం ఎన్ని బంధాలు ఏర్పరుస్తుందో చెప్పే సంఖ్యలు) దగ్గర మాత్రం ఇంకా తడబడుతున్నాను, ముఖ్యంగా ఇనుము: ఒకచోట 2, ఇంకోచోట 3. ఈ వారం దాని పని పడతాను.