మా కుక్కకి బంతి పిచ్చి, ఏం చేయాలి?

మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్. రెండేళ్ల లాబ్రడార్, పేరు బుజ్జి. పొద్దున ఐదింటికే ఎంగిలితో తడిసిన టెన్నిస్ బంతి తెచ్చి నా దిండు మీద పడేసి, మొహంలో మొహం పెట్టి చూస్తుంది. విసిరితే తెస్తుంది, తెస్తే మళ్లీ విసరాలి, నలభై సార్లైనా దానికి అలుపు లేదు, నా భుజం మాత్రం పోయింది. బీరువా మీద దాచితే కింద కూర్చుని గంటసేపు మూలుగుడు. కింది ఫ్లాట్ ఆంటీ నిన్న "ఏమ్మా, రాత్రిళ్లు రోలు దొర్లిస్తున్నారా?" అన్నారు.

జవాబు 1: వేటలో పడిన పిట్టల్ని తెచ్చివ్వడానికి పెంచిన జాతి అండీ, రక్తంలోనే ఉంది. ఎంత పరిగెత్తిస్తే అంత హుషారెక్కుతుంది తప్ప అలసిపోదు. మేము పదిసార్లు విసిరి "అయిపోయింది" అని బంతి లోపల పెట్టేస్తాం. తర్వాత పాత టవల్‌లో దాని తిండి గింజలు చుట్టి ఇస్తే వాసన పట్టి వెతుక్కుని, పావుగంటకే పడుకుంటుంది.

జవాబు 2: ముందు ఆ టెన్నిస్ బంతి మానేయండి. పైనున్న నూగుకి ఇసుక పట్టి పళ్లు అరిగిపోతాయి, మావాడి కోరలు చూసి డాక్టర్ నన్ను తిట్టారు. గొంతులో ఇరుక్కోనంత పెద్ద రబ్బరు బంతి కొనండి. ఎండాకాలం తెల్లవారుజామునే ఆడించాలి, వాటికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే గతి.

జవాబు 3: కొండాపూర్‌లో డాగ్ పార్క్ ఉందిగా, ఆదివారం తీసుకెళ్లండి.

అడిగినవారు: టవల్ ఆట పనిచేసింది! కాకపోతే ఇప్పుడు ఐదింటికి దిండు మీద టవల్ పడుతోంది.