పాత రైస్ మిల్లును కూల్చకుండా వాడుకోవచ్చా? సలహా కావాలి

అందరికీ నమస్కారం. టెక్కలి దగ్గర మాకు తాతగారి కాలం నాటి రైస్ మిల్లు ఉంది. మెషీన్లు ఎప్పుడో అమ్మేశారు, ఇప్పుడు ఖాళీగా పడి ఉంది. కూల్చేసి షాపింగ్ కాంప్లెక్స్ కట్టేద్దామని మా చిన్నాన్నగారు పట్టుబడుతున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. లోపల పిల్లలు పోటీ పరీక్షలకు చదువుకునే హాలు, రోడ్డు వైపు పొందూరు ఖద్దరు అమ్మే షాపు పెట్టాలని నా ఆశ.

గోడలు గానుగ సున్నంతో కట్టినవి, మూరెడు మందం. ఎక్కడా పగుళ్లు లేవు. కానీ కింద రెండడుగుల మేర చెమ్మ ఎక్కి, ఉప్పు పొంగి, పైపూత పొలుసులుగా రాలుతోంది. సిమెంటు ప్లాస్టరింగ్ చేసేద్దాం అంటున్నాడు మేస్త్రి. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి తడి బయటకు రాలేక గోడ ఇంకా పాడవుతుంది కదా! సున్నం పని తెలిసిన మేస్త్రీలు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరైనా ఉన్నారా?

పైకప్పు ఇంకో టెన్షన్. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు రేకులు సగం లేచిపోయాయి. టేకు దూలాలు గట్టిగానే ఉన్నాయి గానీ, గోడలోకి దిగిన చివర్ల దగ్గర చెద కనిపిస్తోంది. ఆ చివర్లు మాత్రం కోసి ఇనుప ప్లేట్లతో అతికించవచ్చా, దూలమే మార్చాలా? మళ్లీ అలాంటి గాలి వస్తే లేవకుండా కప్పును గోడలకు ఎలా బిగిస్తారు?

మిల్లును హాలుగా మార్చుకోవడానికి అనుమతులు, ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) తెచ్చుకున్నవాళ్లు ఉంటే ముందు ఏ ఆఫీసుకు వెళ్లాలో చెప్పండి. స్ట్రక్చరల్ ఇంజనీరు చూడకుండా ఏ పనీ మొదలుపెట్టను. సంక్రాంతికి ఇంట్లో అందరూ కూర్చుని తేల్చేస్తారు. ఈలోపు ఖర్చు అంచనా చేతిలో ఉంటే చిన్నాన్నగారితో గట్టిగా మాట్లాడగలను.