పండుగ బ్రెడ్‌లో ఎండు ద్రాక్ష: నానబెట్టి వేయాలా, పొడిగానే వేయాలా?

గోధుమరాశి:
పొడిగానే వేయమని చాలా రెసిపీల్లో ఉంటుంది. నాకది సరైన సలహా అనిపించదు. 500 గ్రాముల మైదాకు 300 గ్రాముల పండ్లు పడే బ్రెడ్ ఇది. జర్మనీలో క్రిస్మస్‌కి చేసే పండ్ల రొట్టె స్టోలెన్, దాని ప్రమాణాల్లో 100 పాళ్ల పిండికి కనీసం 60 పాళ్ల ఎండు పండ్లు ఉండాలి. అంత పండు పొడిగా పడితే చుట్టూ ఉన్న తేమంతా లాగేసుకుంటుంది. బేక్ చేసిన రోజు తెలియదు. మర్నాడు కోసి చూడండి, ముక్కలోంచి రజను రాలుతుంది.

పులిసినపిండి:
నానబెడితే ఏమవుతుందో కూడా చెప్పండి మరి. ద్రాక్ష చుట్టూ ఉడకని పిండిలా జిగట వలయం మిగులుతుంది. పిండి జారిపోయి రొట్టె ఎత్తు రాదు. రమ్ములో నానబెట్టి, వడకట్టకుండా గిన్నె ఒంపేస్తే ఈస్ట్ మందగిస్తుంది కూడా. దానికన్నా పండ్లు పొడిగా వేసి, పాలు ఓ 20 గ్రాములు ఎక్కువ పోస్తే సరిపోతుంది.

గోధుమరాశి:
సరిపోదండీ. ఎక్కువ పోసిన పాలు పిసికేటప్పుడే పిండిని పల్చన చేస్తాయి. ద్రాక్ష తాగేది ఆ తర్వాత, గంటల తరబడి. మీరు చెప్పిన జిగటకు కారణం నానబెట్టడం కాదు, నీళ్లు కొలవకపోవడం. 200 గ్రాముల ద్రాక్షకు 40 గ్రాముల వేడినీళ్లో నారింజ రసమో పోసి, మూత పెట్టి రాత్రంతా ఉంచాలి. మధ్యలో ఒకట్రెండుసార్లు కుదపాలి. పొద్దున్నకి గిన్నె అడుగున చుక్క మిగలకూడదు. మిగిలితే జల్లెడలో అరగంట వదిలి, పొడిబట్ట మీద ఆరబోయాలి. పండును నొక్కితే మెత్తగా ఉండాలి గానీ వేలికి తడి అంటకూడదు.

పాకం పట్టిన నారింజ తొక్కకు ఇదంతా అక్కర్లేదు. పైన పంచదార పలుకులుంటే కడిగి తుడిస్తే చాలు.

నిదానం:
ఇద్దరూ ఎప్పుడు కలపాలో మాట్లాడటం లేదు. తంటా సగం అక్కడే ఉంది. పండ్లు మొదట్లోనే వేస్తే పిసుకుడుకి చిదిగి పిండి రంగు మారుతుంది, పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ సరిగ్గా అల్లుకోదు. ముందు పిండి, పాలు, గుడ్డు, ఈస్ట్, పంచదార, ఉప్పు కలిపి సాగేదాకా పిసకాలి. ఆ తర్వాత మెత్తని వెన్న మూడు నాలుగు విడతలుగా కలపాలి. చిన్న ముద్ద తీసి వేళ్లతో లాగితే చిరక్కుండా, అవతల వెలుతురు కనిపించేంత పల్చగా సాగాలి. పండ్లు అప్పుడు. మిక్సర్ ఆపేసి, పిండిని పలకలా పరిచి, పండ్లు చల్లి మూడు మడతలు వేయండి. పది నిమిషాలు వదిలి ఇంకోసారి. ఫ్రిజ్‌లోంచి తీసిన పండ్లు మాత్రం వద్దు, పిండి చల్లబడి పొంగడానికి చాలాసేపు పడుతుంది.

పులిసినపిండి:
మడతల పద్ధతి నాకూ ఇష్టమే. అలా చేసేటప్పుడు పండ్లను పొడిపిండిలో దొర్లించడం మానేయండి. కేక్ పిండి పల్చన కాబట్టి పండు అడుక్కి దిగుతుందని అక్కడలా చేస్తారు. బ్రెడ్ పిండిలో పండు ఎక్కడికీ దిగదు, పైగా ఆ పొడి మడతల మధ్య తెల్లని చారలుగా ఉండిపోతుంది.

ఈస్ట్ సంగతి కూడా చూడాలి. 500 గ్రాముల మైదాకు పంచదార 80 గ్రాములు పడితే మామూలు ఈస్ట్ నీరసిస్తుంది. 150 గ్రాముల మైదాను గోరువెచ్చని పాలలో ఈస్ట్‌తో కలిపి, పంచదార లేకుండా ముప్పావుగంట పొంగనిచ్చి, ఆ తర్వాత మిగతావి కలపండి. దాల్చినచెక్క పొడి అర చెంచా దాటించకండి. అదీ ఈస్ట్‌ను వెనక్కి లాగుతుంది.

నానబెట్టడం గురించి నా మాట ఇప్పటికీ అదే: ఆ పూటే తినేసే చిన్న బన్నులకు పొడి పండ్లు చాలు. నాలుగు రోజులు నిలవుంచే రొట్టెకైతే కొలిచి నానబెట్టండి, కాదనను.

గోధుమరాశి:
బన్నుల వరకు ఒప్పుకుంటాను. వాటికైనా పైకి తేలిన ద్రాక్షను గిల్లి అడుగున దూర్చండి, లేకపోతే మాడి చేదెక్కుతుంది.

నిదానం:
జిగట వలయం కనిపించగానే పండ్లను తప్పుపట్టకండి, చాలాసార్లు అది తక్కువ కాల్చిన రొట్టె. పాలు, పంచదార ఉన్నందువల్ల పైభాగం ముందే ఎర్రబడి మోసం చేస్తుంది. 170 డిగ్రీల సెల్సియస్‌లో పెట్టి, రంగు రాగానే పైన అల్యూమినియం రేకు కప్పి, లోపల 92 డిగ్రీలు వచ్చేదాకా ఉంచండి. థర్మామీటర్ మొన పండులో కాకుండా పిండిలో దిగాలి.