అమ్మానాన్న విడిపోయిన ఇంటి అమ్మాయి: ప్రేమ సరే, పెళ్లికి అడ్డేమిటి?

కూకట్‌పల్లి_కుర్రోడు: మూడేళ్ల ప్రేమ. కులం ఒకటే, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. ఆ అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు వాళ్ల అమ్మానాన్న విడిపోయారు. మా అమ్మది ఒకటే మాట: "కాపురం చూడని పిల్ల కాపురం ఏం చేస్తుంది?"

గోదారి_గట్టు: అమ్మగారి మాటే రైటు. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడమన్నారు. మా తమ్ముడు ఇలాంటి ఇంటి పిల్లనే చేసుకున్నాడు. మాటా మాటా వస్తే చాలు, బ్యాగు సర్దేది. పుట్టింట్లో చూసింది అదే మరి. ఏడాదిన్నరకే కోర్టుకెక్కారు.

నిమ్మతొక్కు: ఏడు తరాలా? మీ ముత్తాత తండ్రి పేరు చెప్పండి ముందు.

గోదారి_గట్టు: తర్పణాల్లో మూడు తరాల పేర్లు చెబుతాం. చాలదా?

పాపికొండలు: ఇంకా నాలుగు బాకీ.

నిమ్మతొక్కు: మా అమ్మానాన్న విడిపోలేదు. ఒకే ఇంట్లో ఏళ్ల తరబడి మాటల్లేకుండా బతికారు. అమ్మ పక్కనే నిలబడి ఉంటే, "అన్నం పెట్టమని మీ అమ్మకు చెప్పు" అని నాన్న నాతో అనేవాడు. సంబంధానికి వచ్చినవాళ్లు మాత్రం మంచి కుటుంబం అన్నారు! మా ఆయన గొంతు పెంచితే నేను ఇప్పటికీ రెండ్రోజులు మాట్లాడను. ఇంటి ప్రభావం లేదనడం లేదు. అది విడాకుల కాగితం చూస్తే తెలిసేది కాదంటున్నా.

గోదారి_గట్టు: ప్రభావం ఉందని మీరే ఒప్పుకున్నారు. ఇంకేముంది?

కూకట్‌పల్లి_కుర్రోడు: రాత్రి ఇంట్లో పెద్ద గొడవ. చివరికి అమ్మ బయటపడింది. "ఒక్కతే కూతురు. రేపు వాళ్లమ్మ ఇక్కడే దిగుతుంది. నేనెక్కడికి పోవాలి?"

నిమ్మతొక్కు: అదీ సంగతి! గొడవ పెంపకం గురించి కాదు, గది గురించి. పెళ్లయిన కూతురికీ కన్నవాళ్లను పోషించే బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టంలోనూ పిల్లలంటే కూతురు కూడా.

గోదారి_గట్టు: చట్టం వచ్చి వంట చేస్తుందా? ఇద్దరు వియ్యపురాళ్లు ఒక పొయ్యి దగ్గర! మా తమ్ముడింట్లో మొదలైందీ అక్కడే.

నిమ్మతొక్కు: మరి ఇందాక పుట్టింట్లో చూసి నేర్చుకుందన్నారు?

గోదారి_గట్టు: బ్యాగు సర్దేది వాళ్లమ్మను చూసి రావడానికే. మా అమ్మ పంపేది కాదు. అయినా ఇప్పుడవన్నీ ఎందుకు?

పాపికొండలు: కుర్రోడా, అమ్మాయిని అడిగావా అసలు?

కూకట్‌పల్లి_కుర్రోడు: అడిగా. ఒకే అపార్ట్‌మెంట్‌లో పైన డబుల్ బెడ్‌రూమ్, కింద సింగిల్ ఖాళీగా ఉన్నాయన్నా. "కింద ఎవరి అమ్మ?" అంది.